చలికాలం సెప్టెంబరులోనే తేలిపోతుంది

అమెరికాలోని మిన్నెసోటాలో ఏప్రిల్ సగం గడిచేసరికి మంచు కరిగి, నేల పార దిగేంత మెత్తబడుతుంది. పశువుల మేతకు వేసిన లూసర్న్ చేను బతికిందో చచ్చిందో రోడ్డు మీద నిలబడి చెప్పలేం. చలికి దెబ్బతిన్న మొక్క కూడా మొదట్లో పచ్చగా చిగురిస్తుంది. వేరులో మిగిలిన కొద్దిపాటి సత్తువతో రెండు మూడు అంగుళాలు లేచి, ఆ తర్వాత వాడిపోతుంది. అందుకే తవ్వి చూడాలి.

పారను మొక్కకు జానెడు దూరంలో దించి, తల్లివేరు తెగకుండా పైకి తీస్తాను. మట్టి దులిపి, చాకుతో వేరును నిలువునా చీలుస్తాను. లోపల తెల్లగా, గట్టిగా ఉంటే మొక్క బతికినట్టు. గోధుమరంగుకు తిరిగి, నీరు కారుతూ, పీచుపీచుగా ఊడివస్తుంటే ఆ మొక్క పోయినట్టే. చాలా మొక్కలు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి, ఒక పక్క తెలుపు, ఒక పక్క మచ్చ. మొదలు చుట్టూ మొగ్గలు సమానంగా ఉన్నాయా, ఒక వైపే మిగిలాయా అన్నది కూడా చూస్తాను. ఒక వైపే మిగిలితే ఈ వేసవి కోతలు ఎలాగో ఇచ్చినా, అది మరో చలికాలం దాటడం కష్టం.

చిగుళ్ళు ఆరంగుళాల ఎత్తు వచ్చాక చదరపు అడుగులో కాడలు లెక్కపెడతాం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం చెప్పిన కొలత ఇక్కడి రైతులందరికీ కంఠతా వచ్చు. 55 కాడలు దాటితే దిగుబడికి లోటు లేదు. 40కీ 55కీ మధ్య ఉంటే కొంత నష్టం. 40 కన్నా తగ్గితే చేను తీసేయడం మేలు.

తీసేయమని చెప్పడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. లూసర్న్ ఒకసారి వేస్తే నాలుగైదేళ్ళు ఉండే పంట. ఇక్కడి పాడి ఆవులకు మేతలో మాంసకృత్తులు చాలావరకు దాని నుంచే అందుతాయి. పైగా చచ్చిన లూసర్న్ చేనులో వెంటనే మళ్ళీ లూసర్న్ వేయడానికి లేదు. ముదురు మొక్కలు నేలలో వదిలిన పదార్థాలు కొత్త మొలకల వేళ్ళను ఎదగనివ్వవు. కాబట్టి రైతు ఆ ఏటికి మొక్కజొన్నో, ఓట్స్‌, బఠాణీ కలిపో వేసుకుని, ఎండుగడ్డిని బయట కొనుక్కోవాలి. చుట్టుపక్కల అందరి చేలూ అదే చలికి పోయి ఉంటాయి కనుక ధర కూడా మండిపోతుంది. 2012-13 చలికాలం తర్వాత మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో జరిగింది అదే. ఆ వసంతంలో ఇక్కడి పాడిరైతులు పడ్డ అవస్థను గడ్డి గురించి మాట మొదలైతే చాలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మాది చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర పల్లె. తిరుపతి వ్యవసాయ కళాశాలలో చదివి, పశుగ్రాస పంటల మీద పైచదువుకు ఇటు వచ్చాను. ఏ రకం విత్తనం వేయాలో రైతులకు సలహా చెప్పడం ఇప్పుడు నా పని. మా నాయన బోరు కింద కొన్ని సెంట్లలో లూసర్న్ పెంచేవాడు. విత్తిన రెండు నెలలకు తొలి కోత, ఆపైన నెల తిరిగేసరికల్లా ఇంకో కోత. తెల్లారకముందే కొడవలి తీసుకుని పోయి, పాలు పిండే వేళకు మోపు తెచ్చి వేసేవాడు. సంక్రాంతి చలిలోనూ అది ఎదగడం మానేది కాదు. మా అమ్మ ఫోన్ చేసినప్పుడు అడుగుతుంటుంది: "ఏమ్మే, మనుషులే బయటికి రాలేని చలి అంటివే, ఆడ గడ్డి ఎట్ల బతుకుతాదే?"

అమ్మకు నేను చెప్పేది ఒక్కటే. మన లూసర్న్‌కు ఆగడం తెలియదు. ఇక్కడ ఆగడం తెలిసిన లూసర్నే బతుకుతుంది.

చలిని తట్టుకునే శక్తి ఏడాది పొడవునా మొక్కలో ఉండేది కాదు. జులైలో కుండీలో పెరుగుతున్న మొక్కను, అది ఎంత గట్టి రకమైనా, తీసుకెళ్ళి శీతల గదిలో పెడితే సున్నాకు నాలుగైదు డిగ్రీలు కిందికి దిగగానే చచ్చిపోతుంది. అదే మొక్క డిసెంబరులో, మొదలు దగ్గర మట్టి మైనస్ 15 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబడ్డా తట్టుకోగలదు. ఈ రెండు నెలల మధ్య మొక్క తనను తాను మార్చుకుంటుంది. ఆగస్టు చివరికి పగలు బాగా కురచనవుతాయి. ఆకులు ఆ మార్పును పసిగడతాయి. ఆ తర్వాత రాత్రిపూట చలి మొదలవుతుంది. ముందు సున్నాకు కాస్త పైన ఉండే చల్లదనం, ఆ తర్వాత సున్నాకు కాస్త కింద ఉండే చలి, ఈ వరసలో వస్తేనే మొక్క బాగా గట్టిపడుతుంది. అక్టోబరు దాకా వెచ్చగా ఉండి ఒక్కసారిగా చలి విరుచుకుపడితే దానికి ఆ అవకాశం దొరకదు.

ఆ వారాల్లో తల్లివేరు రైతు ఇంటి గాదెలా పనిచేస్తుంది. ఆకులు తయారుచేసిన ఆహారం పైకి ఎదగడానికి కాకుండా కిందికి దిగి, వేరులో పిండిపదార్థంగా చేరుతుంది. చలి ముదిరేకొద్దీ ఆ పిండిపదార్థంలో చాలా భాగం చక్కెరలుగా మారుతుంది. సుక్రోజ్‌తో పాటు రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు కూడా పెరుగుతాయి. వసంతంలో చిగురు వేయడానికి కావలసిన నత్రజనిని దాచుకునే ప్రొటీన్లు కూడా అక్కడే పోగవుతాయి.

చక్కెరలు ఎందుకంటే, చలి మొక్కను చంపే తీరు చాలామంది అనుకునేది కాదు. మంచు స్ఫటికాలు ముందుగా కణాల లోపల పుట్టవు, కణాల మధ్య ఉండే ఖాళీల్లో పుడతాయి. అవి పెరుగుతూ కణంలోని నీటిని బయటికి లాగుతాయి. అంటే గడ్డకట్టే చలిలో మొక్క కణం నిజానికి ఎండిపోతుంది. ఎండిన కణం చుట్టూ ఉండే పొర ముడుచుకుని చిరుగుతుంది. చక్కెరలు కణంలో నీటిని కొంత పట్టి ఉంచుతాయి, పొరలు చెదరకుండా కాపాడతాయి. గట్టిపడే రోజుల్లో మొక్క ఆ పొరల్లోని కొవ్వులను కూడా మార్చుకుంటుంది, చలిలో బిరుసెక్కకుండా ఉండేందుకు. నీరు తగ్గినప్పుడు కణాన్ని ఆదుకునే డీహైడ్రిన్లు అనే ప్రొటీన్లు తయారుచేసుకుంటుంది. ఇంత పనీ మంచు పడకముందే ముగియాలి.

గట్టి రకాల్లో ఇంకో గుణం ఉంది. వాటి మొదలు నేల పైన నిలబడకుండా మట్టిలోకి కాస్త దిగి ఉంటుంది. వచ్చే ఏడాది చిగురించే మొగ్గలు ఆ మొదలు మీదే ఉంటాయి. ఒక్క అంగుళం మట్టి కప్పు కూడా జనవరి రాత్రుల్లో చావుబతుకుల తేడా తేగలదు.

ఏ రకం ఎంత తొందరగా ఆగుతుందో కొలవడానికి ఒక పద్ధతి ఉంది. సెప్టెంబరు మొదట్లో ప్రయోగ పొలంలోని వరసలన్నీ ఒకే ఎత్తుకు కోస్తారు. మూడున్నర వారాల తర్వాత స్కేలు పట్టుకుని మళ్ళీ ఎంత ఎదిగాయో కొలుస్తారు. పగలు కురచనైన సంగతి గుర్తించిన రకం అసలు పెద్దగా లేవదు. దాని కాడలు నేలకు అంటుకుని పడుకుంటాయి. గుర్తించని రకం నిటారుగా లేచి నిలబడుతుంది. దీన్నిబట్టి 1 నుంచి 11 దాకా అంకెలు ఇస్తారు. 1 అంటే అందరికన్నా ముందు ఆగేది, 11 అంటే అసలు ఆగనిది. మన దేశంలో వేసే ఆనంద్-2, ఆర్‌ఎల్-88 లాంటి రకాలు ఆగని కోవలోవే. ఆగని రకాలను పోలిక కోసం ఇక్కడి ప్రయోగాల్లో వేస్తే అక్టోబరులో ఆ వరసే పొలంలో అందరికన్నా అందంగా కనిపిస్తుంది. ఏప్రిల్‌లో ఆ వరస ఖాళీగా ఉంటుంది.

ఆ చచ్చిపోయే గుణాన్నే పనికి తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. 1980లలో మిన్నెసోటాలో 'నైట్రో' అనే రకాన్ని తయారుచేశారు. అది శరత్కాలం చివరిదాకా ఆగకుండా ఎదిగి, వేళ్ళలో నత్రజని నింపుకుని, చలికి చచ్చిపోతుంది. దున్నితే తర్వాతి మొక్కజొన్నకు ఎరువు అవుతుంది. ఆలోచించేకొద్దీ నాకు ఎంతో నచ్చే పని ఇది.

ఈ 1 నుంచి 11 అంకెనే చాలాకాలం చలిని ఓర్చుకునే శక్తికి గుర్తుగా వాడారు. త్వరగా ఆగేది గట్టిది, ఆలస్యంగా ఆగేది మెత్తనిది అనుకునేవారు. కానీ త్వరగా ఆగే రకం శరత్కాలంలో మేత తక్కువ ఇస్తుంది, వసంతంలో ఆలస్యంగా లేస్తుంది, కోసిన తర్వాత నెమ్మదిగా తిరిగి వస్తుంది. పాడిరైతుకు అది నష్టం. అందుకే వంగడాలు తయారుచేసేవారు ఈ రెండు గుణాలనూ విడదీయడానికి తరాల తరబడి పనిచేశారు. ఇప్పుడు విత్తన సంచి మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఆగే గుణానికి, రెండోది 1 నుంచి 6 దాకా ఉండే చలికాలపు బతుకు అంకె. ఈ రెండో దానిలో అంకె తగ్గేకొద్దీ రకం గట్టిది. ఆగే అంకె 4 ఉన్నా చలి అంకె 2 లోపు ఉన్న రకాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. నా దగ్గరికి వచ్చే రైతుకు నేను ముందు చూపించేది రెండో అంకెనే. మొదటి అంకె ఎన్ని కోతలు వస్తాయో చెబుతుంది, రెండోది ఎన్నేళ్ళు వస్తాయో చెబుతుంది.

ఈ ప్రాంతంలో లూసర్న్ బతకడం ఎలా మొదలైందో తెలుసుకుంటే నాకు ఒక రైతు మీద అంతులేని గౌరవం కలిగింది. ఆయన పేరు వెండెలిన్ గ్రిమ్. 1857లో జర్మనీలోని బాడెన్ ప్రాంతం, క్యూల్స్‌హైమ్ అనే ఊరి నుంచి భార్యాపిల్లలతో మిన్నెసోటాలోని కార్వర్ కౌంటీకి వలస వచ్చాడు. సామానుతో పాటు ఒక చిన్న సంచిలో 15-20 పౌండ్ల లూసర్న్ విత్తనం తెచ్చుకున్నాడు. మరుసటి వసంతంలో విత్తాడు. చలికాలం రాగానే చాలా మొక్కలు చచ్చిపోయాయి. మిగిలిన వాటి నుంచి గింజలు సేకరించి మళ్ళీ విత్తాడు. మళ్ళీ కొన్ని చచ్చాయి, కొన్ని బతికాయి. బతికిన వాటి గింజే మళ్ళీ. ఇలా ఏళ్ళ తరబడి చేశాడు. జన్యుశాస్త్రం అన్న మాటే పుట్టని రోజులవి. పెద్దగా చదువుకోని ఆ రైతు, చలికాలానికే ఏరివేత అప్పగించి, అది వదిలిపెట్టిన గింజను ఓపికగా దాచుకున్నాడు.

చుట్టుపక్కల వాళ్ళు ఆయన దగ్గర విత్తనం తీసుకున్నారు. కానీ ఆ కౌంటీ బయట ఎవరికీ ఈ సంగతి తెలియదు. 1890లో గ్రిమ్ కన్నుమూశాడు. ఆ తర్వాత పదేళ్ళకు ఆర్థర్ లైమన్ అనే స్థానికుడు, మిగతాచోట్ల లూసర్న్ చలికి చచ్చిపోతుంటే ఇక్కడ ఎందుకు నిలుస్తోందన్న సంగతిని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని విల్లెట్ హేస్ దృష్టికి తెచ్చాడు. పరీక్షలు జరిగాయి. ఉత్తరాది రాష్ట్రాలకు, కెనడాకు గ్రిమ్ రకం వ్యాపించింది. ఊదాపూల లూసర్న్‌లో చలిదేశపు పసుపుపూల జాతి రక్తం కొంత కలిసి ఉండటం వల్ల ఆ విత్తనంలో రకరకాల మొక్కలు ఉండేవని, అందుకే ఏరుకోవడానికి వీలైందని తర్వాత తేల్చారు. ఒకే పోలికతో ఉండే విత్తనమైతే గ్రిమ్ ఎంత ఓపిక పట్టినా ఒక్క చలికాలంలోనే అంతా పోయి ఉండేది. 1924లో ఆ పొలంలో స్మారకం నిలిపారు. ఇప్పుడు ఆ ఇల్లు, పొలం కార్వర్ పార్కులో భాగం. చూడ్డానికి వెళ్ళేవాళ్ళలో చాలామంది సరస్సు కోసం వెళ్తారు. మా వృత్తిలో ఉన్నవాళ్ళం ఆ పొలం కోసం వెళ్తాం.

పసుపుపూల జాతి కోసం ఇంకొకాయన ఏకంగా సైబీరియా వెళ్ళాడు. దక్షిణ డకోటాలో పనిచేసిన నీల్స్ హాన్సెన్‌ను 1897లో అమెరికా వ్యవసాయ శాఖ మంత్రి జేమ్స్ విల్సన్ విత్తనాల వేటకు పంపాడు. రష్యా, తుర్కిస్తాన్, సైబీరియాల మీదుగా, చలికాలంలో స్లెడ్జి బండి మీద కూడా తిరిగి, చలికి తట్టుకునే లూసర్న్ విత్తనాలు మోసుకొచ్చాడు.

ఇంకో గింజ మన దేశం నుంచే వచ్చింది. 1910లో లద్దాఖ్‌లోని లేహ్ నుంచి అమెరికా వ్యవసాయ శాఖకు చేరిన విత్తనం 'లడాక్' అన్న పేరుతోనే ఇక్కడ పెద్ద రకమైంది. చలికీ, నీటి ఎద్దడికీ ఓర్చుకునే రకంగా మోంటానా, డకోటా మెట్టభూముల్లో దశాబ్దాల పాటు సాగైంది. నేటి రకాల పూర్వీకుల జాబితాల్లో దాని పేరు ఇప్పటికీ ఉంటుంది. లద్దాఖ్ రైతులు చలి ఎడారిలో తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన గింజ అది. అక్కడి రైతుల పేర్లు మాత్రం ఎక్కడా రాసిలేవు. ఈ మాట ఇక్కడి రైతులకు నేను తప్పకుండా చెబుతాను.

రకం ఎంత గట్టిదైనా చలిగాలి ఒక్కటే దాని శత్రువు కాదు. 2019 జనవరి 30న మిన్నియాపొలిస్‌లో మైనస్ 33 డిగ్రీలు నమోదైంది. అంత చలి నేరుగా మొదలును తాకితే ఏ లూసర్నూ మిగలదు. కాపాడేది మెత్తటి మంచే. ఆరంగుళాల మంచు ఉంటే, అందులో చిక్కుకున్న గాలి వల్ల, పైన ఎంత చలి ఉన్నా కింద మట్టి అంతగా చల్లబడదు. అందుకే చివరి కోతలో కొయ్యకాళ్ళు ఎత్తుగా వదలమంటాం. గాలికి కొట్టుకుపోయే మంచును అవి పట్టి ఉంచుతాయి.

అన్నిటికన్నా ప్రమాదం చలికాలం మధ్యలో పడే వాన. కరిగిన మంచు, వాననీళ్ళు పల్లంలో నిలిచి గట్టి పలకగా గడ్డకడితే, కింద మొక్కకు గాలి అందదు. ఊపిరి పీల్చుకుంటూనే ఉన్న వేరు చుట్టూ బొగ్గుపులుసు వాయువు, ఆల్కహాలు పేరుకుంటాయి. మూడు వారాలు దాటితే మొక్క అక్కడే ఊపిరాడక చచ్చిపోతుంది. బరువైన బంకమట్టి నేలల్లో ఇంకో బాధ. నేల గడ్డకడుతూ, కరుగుతూ ఉంటే తల్లివేరును కొంచెం కొంచెంగా పైకి నెట్టేస్తుంది. ఏప్రిల్‌లో మొదలు నేలకు రెండంగుళాల పైన తేలి ఉంటుంది. కింద వేరు తెగి ఉంటుంది.

వీటిలో వాన రైతు చేతిలో లేదు. సెప్టెంబరు కోత మాత్రం ఉంది. అసలు చిక్కంతా అక్కడే. ఆగస్టు చివర్లో మూడో కోతో నాలుగో కోతో అయిపోయి ఉంటుంది. సెప్టెంబరు నడిమికి చేను మోకాలెత్తు లేచి, లేతగా, ఆకులతో నిండుగా ఉంటుంది. అలాంటి మేత ఏడాదిలో ఇంకెప్పుడూ రాదు. స్టెర్న్స్ కౌంటీలో తరతరాలుగా పాడి నడుపుతున్న ఒక పెద్దాయన ఆ చేను గట్టు మీద నిలబడి నాతో అన్నారు: "కళ్ళముందు ఇంత మేత ఉంటే, దీన్ని ఆవులకు పెట్టకుండా మంచుకు పెట్టమంటావా, అమ్మాయీ?" ఆయన బాధ నాకు అర్థమవుతుంది. మా నాయన అయినా అదే అడిగేవాడు. కానీ ఆ సమయంలో కోస్తే మొక్క మళ్ళీ చిగురించడానికి వేరులో దాచుకున్నది ఖర్చు పెడుతుంది. చిగురు పెద్దదై తిరిగి దాచిపెట్టే లోపు చలి వచ్చి ఆకులను చంపేస్తుంది. ఖాళీ వేరుతో మొక్క చలికాలంలోకి అడుగుపెడుతుంది. అందుకే మొక్కకు గట్టిపడే వ్యవధి మిగిలేలా సెప్టెంబరు తొలి రోజులకల్లా చివరి కోత ముగించాలి, లేదా మొక్క ఇక చిగురించలేనంత చలి వచ్చేదాకా ఆగాలి. ఆయన ఆ ఏడు సగం చేను కోసి, సగం వదిలారు. పొటాష్ తక్కువున్న చెక్కకు ఎరువు వేయించారు. పొటాషియం చాలినంత ఉన్న వేరు చలికి ఎక్కువ తట్టుకుంటుంది. ఏప్రిల్‌లో ఇద్దరం కలిసి రెండు వైపులా తవ్వాం. కోసిన వైపు గోధుమరంగు వేళ్ళు ఎక్కువగా వచ్చాయి. ఆయన వాటిని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. ఆ తర్వాత మేం విత్తన సంచుల ధరల గురించి మాట్లాడుకున్నాం.

భూమి వేడెక్కుతోంది కదా, ఈ బెడద తగ్గుతుందేమో అని కొందరు అడుగుతారు. తగ్గకపోగా పెరగవచ్చు. తూర్పు కెనడా గురించి 2002లో అక్కడి శాస్త్రవేత్తలు వేసిన అంచనా ఇదే చెప్పింది. శరత్కాలం వెచ్చగా గడిస్తే మొక్క సరిగా గట్టిపడదు. మంచు తక్కువ పడితే నేల బయటపడి ఉంటుంది. జనవరిలో నాలుగు రోజులు వెచ్చబడితే, మొక్క కూడబెట్టుకున్న ఓర్పును కొంత కోల్పోతుంది, ఆ వెంటనే చలి తిరిగొస్తే దెబ్బతింటుంది. క్యూబెక్‌లోని పరిశోధనా కేంద్రంలో గట్టిపరిచిన మొక్కలను శీతల గదుల్లో పెట్టి, ఎక్కువ భాగం చచ్చేంత చలికి గురిచేసి, మిగిలిన వాటిని ఒకదానితో ఒకటి కలిపి, తరం తర్వాత తరం ఏరుకుంటూ వస్తున్నారు. గ్రిమ్ ఏడాదికి ఒక్క చలికాలంతో చేసిన ఏరివేతను వీళ్ళు కొన్ని వారాల్లో చేయగలుగుతున్నారు.

ఈ ఏడాది విత్తనం కొనబోయే రైతులను నేను ముందుగా అడుగుతున్న ప్రశ్న రకం గురించి కాదు. మీ చేలో జనవరి వాన నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో చూపించండి అంటున్నాను. అలాంటి పల్లం ఉన్నచోట లూసర్న్ ఒక్కటే వేయవద్దని, తిమోతీ గడ్డి కలిపి వేయమని చెబుతున్నాను. మంచుపలక కింద తిమోతీ లూసర్న్ కన్నా ఎక్కువ రోజులు ఓర్చుకుంటుంది. మెరకలో మాత్రం చలి అంకె 2 లోపు ఉన్న లూసర్న్ వేసి, దాని చివరి కోత తేదీని విత్తిన రోజే గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోమంటున్నాను.